చెరుకు బండెక్కని ముసలి పిల్లి

నేను రాస్తున్నది ఒక పిల్లి జబ్బు గురించి. ఇలా మొదలుపెడితే దాని వెనక ఇంకేదో దుఃఖం ఉంటుందని చదివేవాళ్లు వెతుకుతారు. మా వీధిలో అందరూ అదే వెతికారు. భర్త పోయాడు, పిల్లలు లేరు, ఆ లోటంతా పిల్లి మీద పెట్టుకున్నదన్నారు. అది నిజం కాదు. ఆయన కోసం ఏడవవలసింది ఆయన కోసమే ఏడ్చాను. ఇది పిల్లి సంగతి. దానికి జబ్బు చేసింది, చూసుకున్నాను, పోయింది. ఇంట్లో ముసలి పిల్లి ఉన్నవాళ్లు చదివితే చాలు.

దాని పేరు సుక్కి. ఒళ్ళంతా తెలుపు, నుదుటి మీద నల్లమచ్చ. ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన ఏడాది నాకు బోధన్‌లో ఆడపిల్లల బడిలో ఉద్యోగం వచ్చింది. మా అవ్వ, అంటే మా అమ్మ, నాకు తోడుగా ఉండడానికి మోస్రా నుంచి వచ్చేటప్పుడు దాన్ని కొంగులో చుట్టుకొని తెచ్చింది. మోస్రాలో మా అన్న పండించిన వడ్లు, పసుపు కొంత మా ఇంట్లో నిలవ ఉండేవి. ఎలుకల కోసం పిల్లి. పేరు పెట్టింది కూడా అవ్వే. పదేళ్లకు పైగా అది తన పని తాను చేసింది, మా పని మేం చేసుకున్నాం.

1969, ఎండకాలం

ఆ ఏడాది ప్రత్యేక తెలంగాణ ఉద్యమం వల్ల బళ్లు చాలా రోజులు మూతబడ్డాయి. పగలంతా ఇంట్లోనే పుస్తకం పట్టుకొని కూర్చునేదాన్ని. అందుకే కనిపించింది. సుక్కి నీళ్ల గిన్నె దగ్గరికి పోయి తాగి వచ్చి పడుకునేది. కాసేపటికే లేచి మళ్లీ పోయేది. నిమిరితే వెన్నుపూస చేతికి తగులుతున్నది. మూతి దగ్గర పాడు వాసన. ఒకరోజు గోడ ఎక్కబోయి జారిపడి, ఎవరూ చూడలేదన్నట్టు కూర్చొని ఒళ్ళు నాక్కున్నది.

వేడి చేసిందని అవ్వ మజ్జిగ పోసింది. ముట్టలేదు. మా వీధి చివర ఎడ్లకూ బర్లకూ నాటుమందు పోసే ఒకాయన ఉండేవాడు. పిలిస్తే వచ్చి గుమ్మం బయటే నిలబడ్డాడు. చెయ్యి పెట్టి చూడమన్నాను. చూడనన్నాడు.

"ఎద్దు నా చేతుల సస్తే రైతు తిడ్తడు, గంతే. పిల్లి నా చేతుల సస్తే బంగారు పిల్లిని చేయించి దానమియ్యాలె టీచరమ్మా. నేనేడికెల్లి తేవాలె?"

మా వైపు నమ్మకం అది. పిల్లిని చంపిన పాపం దేనితోనూ పోదంటారు. మందు పోశాక చచ్చినా చంపినట్టే లెక్క. అందుకని పిల్లికి ఎవరూ వైద్యం చేయరు. ఆయన దూరం నుంచే ఒక సలహా ఇచ్చాడు. నీళ్లు ఎక్కువ తాగి చెడుతున్నది, నీళ్లు బందు పెట్టమన్నాడు. జ్వరం వచ్చిన మనిషికే నీళ్లు ఆపే రోజులవి. మాకు వింతగా తోచలేదు. గిన్నె తీసి అటక మీద పెట్టాం.

మర్నాడు ముందు గదిలో కూర్చుంటే వెనక నుంచి ఏదో గీస్తున్న చప్పుడు. పోయి చూస్తే సుక్కి స్నానాల దగ్గర ఆరిపోతున్న బండను నాకుతున్నది. గిన్నె దించి, నింపి దాని ముందు పెట్టాను. అవ్వ వద్దనలేదు. ఇది చదివేవాళ్లకు నేను గట్టిగా చెప్పగలిగింది ఇదొక్కటే. ముసలి పిల్లి నీళ్లు అడిగితే ఇవ్వండి. అది తాగుతున్నది జబ్బు వల్ల. తాగడం వల్ల జబ్బు రాలేదు.

అదే ఏడాది, వానకాలం

నిజామాబాద్‌లో చదువుకున్న పశువుల డాక్టరు ఉన్నాడని విన్నాను. సుక్కిని వెదురు గంపలో పెట్టి, పైన బట్ట కట్టి రైలెక్కాను. పక్కనున్నాయన కోడా అని అడిగాడు. పిల్లి అన్నాను. లేచి ఇంకో పెట్టెలోకి పోయాడు. పని మీద పోతున్నాడేమో, పిల్లి ఎదురైతే పని కాదనుకొని ఉంటాడు. గంప పెట్టుకోవడానికి చోటు దొరికింది.

డాక్టరు దగ్గర రేకుల కప్పు కింద ఎడ్లు, బర్లు, మేకలు, ఒక కుక్క. వాటి మధ్య గంప ఒళ్ళో పెట్టుకొని నేను. జనం నవ్వారు. సిరికొండ నుంచి ఎద్దును తోలుకొచ్చిన ఒక ముసలి రైతు గంపలోకి తొంగి చూశాడు.

"గిది పాలిస్తదా అమ్మా?"

"ఇయ్యది."

"దున్నుతదా?"

"దున్నది."

"మరెందుకు తెచ్చినవ్?"

"ముసలిదైంది. తిండి తింటలేదు."

నవ్వించడానికి అడిగినవాడు తాను నవ్వలేదు. దీనికి గూడ గదే అని తన ఎద్దు మెడ తట్టాడు. కుక్క అరిచినప్పుడల్లా గంపలో సుక్కి ముడుచుకుపోతుంటే చూసి, ఎద్దును తెచ్చి కుక్కకూ మాకూ మధ్య నిలబెట్టాడు. మా వంతు వచ్చేసరికి పొద్దు తిరిగింది. అప్పటిదాకా ఆ ఎద్దు అక్కడే నిలబడింది.

డాక్టరు కోస్తా వైపు మనిషి. ఆ ఏడాది మా జిల్లాలో ఆ సంగతి మాటలోనే బయటపడడం ఆయనకు సుఖం కాదు. నోరు విప్పితే జనం చూసేవారు. అయినా దాచుకోకుండా మాట్లాడాడు.

"పిల్లుల గురించి మాకు చెప్పింది తక్కువమ్మా. తెలిసింది చెబుతాను. తెలియనిది తెలియదంటాను."

కడుపు తడిమి, నోరు తెరిచి చూశాడు. మూత్రపిండాలు అరిగిపోయాయన్నాడు. ముసలితనంలో పిల్లులకు వస్తుందట. బాగుచేసే మందు తన దగ్గర లేదు, ఎక్కడా ఉన్నట్టు తనకు తెలియదు. నీళ్లు ఎప్పుడూ ముందుండాలి. మెత్తటి మాంసం కొంచెం కొంచెంగా పెట్టాలి. చలి తగలనివ్వకూడదు. అంతే.

దాన్ని ముట్టుకోవడానికి మీకు భయం లేదా అని అడిగాను. మా ఊళ్లో నాటుమందు పోసేవాడి మాట చెప్పాను.

"మా నాన్న పురోహితుడండీ. నేను ఈ చదువులో చేరిన రోజే నా మీద ఆశ వదులుకున్నాడు" అన్నాడు.

తిరిగి వచ్చేటప్పుడు రైల్లో నాకు ధైర్యంగానే ఉంది. బాగుపడదని తెలిశాక చేయవలసిన పని తేలికవుతుంది. బతికించాలనే ఆరాటం పోయి, చూసుకోవడం మిగులుతుంది.

దీపావళి తరవాత

మా పక్కిల్లు పాత ముస్లిం కుటుంబం. ఆ ఇంటి పెద్దావిడను వీధంతా ఖాలా అనేది. ఆమె మేక కాలేయం ఉడికించి, మెత్తగా నూరి, చిన్న గిన్నెలో తెచ్చేది. తెచ్చిన ప్రతిసారీ తిట్టేది.

"నా బావర్చీఖానాల ఇది చేసిన దొంగతనాలు నీకు తెల్వయి బేటీ. అప్పుడు మూత పెట్టినా ఎత్తుకపోయె. గిప్పుడు నేనే నోటి కాడ పెడితే మూతి తిప్పుతది. గిదేం ఇన్సాఫ్?"

చలికాలం మొదలైంది. పొయ్యి పక్కన చెక్కపెట్టెలో చెరుకు పిప్పి పరిచి, పైన పాత చీర వేశాను. పిప్పి తడిస్తే తీసి వేరేది వేయడం సులువు. చక్కెర ఫ్యాక్టరీ ఊరు కాబట్టి పిప్పికి కొదవ లేదు. కళ్ళు పుసులు కడుతుంటే గోరువెచ్చటి నీళ్లతో తుడిచేదాన్ని. ఒకనాడు కుంటుతుంటే పాదం తిప్పి చూశాను. గోళ్ళు వంకర తిరిగి మెత్తటి అరికాల్లోకి గుచ్చుకున్నాయి. ముసలి పిల్లులు గోళ్ళు గీసుకోవడం మానేస్తాయి, మనం చూడం. అవ్వ దాన్ని ఒళ్ళో పెట్టుకొని పాదాలు పట్టుకుంటే నేను గోళ్ళు కత్తిరించాను. "నీకు గింత పొగరెందుకే, ఉండు" అని అవ్వ దాన్ని గదమాయిస్తూనే నుదురు రాసింది.

అవ్వ దాన్ని ఇష్టపడలేదని ఎవరూ అనుకోవద్దని ఇది చెబుతున్నాను. నేను బడికి పోతే పగలు చూసుకున్నది ఆమే. కాని ఇంట్లో చావనివ్వడం ఆమెకు వేరే సంగతి.

బోధన్‌లో ఒక పద్ధతి ఉండేది. గానుగ కాలంలో చుట్టుపక్కల ఊళ్ల నుంచి చెరుకు బండ్లు వచ్చి, ఫ్యాక్టరీ బయట కాంటా కోసం వరుసగా నిలబడతాయి. తూకమయ్యాక ఖాళీగా తిరిగిపోతాయి. ఊళ్లో ఎవరింట్లో పిల్లి ముసలిదైనా, గోనెసంచిలో వేసి మూతి కట్టి, ఆ ఖాళీ బండ్లవాళ్లకు ఇచ్చేవారు. దారిలో చెరుకు తోటల్లో వదిలిపెట్టమనేవారు. తోటల్లో ఎలుకలు మస్తుంటాయి, బతుకుతది అనేవారు. అన్నవాళ్లకూ విన్నవాళ్లకూ అది అబద్ధమని తెలుసు. కాని చంపినట్టు కాదు, ఇంట్లో చచ్చినట్టూ కాదు. చూడని చావుకు పాపం లేదు. మా వీధిలో మంచివాళ్లే, చీమలకు చక్కెర వేసేవాళ్లే, ఏళ్ల తరబడి ఇలా చేశారు.

ఆ చలికాలం ఫ్యాక్టరీ పొగ కనిపించిన రోజు నుంచి అవ్వ నాతో తక్కువ మాట్లాడింది.

1970, జనవరి

మా అన్న చెరుకు తోలుకొని వచ్చాడు. కాంటా అయ్యాక ఖాళీ బండి మా ఇంటి ముందు ఆపి, అన్నం తిని, చేతులు తుడుచుకుంటూ లేచాడు. చంకలో గోనెసంచి ఉంది. అవ్వ కబురు పెట్టిందని అప్పుడు తెలిసింది.

పెట్టెకు అడ్డంగా కూర్చున్నాను.

"చెల్లె, నేనేమన్న సంపుతున్ననా? రుద్రూరు దాటినంక తోటల ఇడుస్త. ఎలుకలు గుంపులు గుంపులుంటయి."

"పండ్లు లేవన్నా దీనికి. కండ్లు సగం కనవడయి. అది ఎలుకలను తినుడు కాదు, ఎలుకలే దాన్ని తింటయి."

అన్న తల గోక్కున్నాడు. చెడ్డవాడు కాదు, ఇంట్లో ఆడవాళ్ల మధ్య ఇరుక్కోవడం ఇష్టం లేనివాడు. అవ్వకేసి చూశాడు.

అవ్వ కేకలు వేయలేదు. పొయ్యి దగ్గర కూర్చొని నెమ్మదిగా చెప్పింది. "ఇంట్ల పిల్లి పోతే ఒక్కతే పోదు బిడ్డా. ఇంకొకలను తోల్కపోతది. ఈ ఇంట్ల ఉన్నది ఇద్దరమే. నీకింక వయసున్నది. నాకు దమ్మున్నది."

ఆమె భయం నిజమైనదే. చలికాలం వచ్చిందంటే ఆయాసంతో తెల్లవార్లూ కూర్చునే మనిషి. ఆ భయం మీద నాకు జాలి ఉండవలసింది. ఉంది కూడా. కాని ఆ క్షణాన నా ముందు సంచి ఉంది.

"నీకు దమ్మొచ్చిననాడు నిన్ను బండెక్కించిన్నా అవ్వా?" అన్నాను.

అవ్వ పొయ్యిలో కట్టెలు వెనక్కి లాగింది. తరవాత లేచింది. దండెం మీది రెండు చీరలు తీసి మూట కట్టింది.

"గట్లనా. అయితే నేనే ఎక్కుత."

అన్న ఇద్దరినీ మార్చి మార్చి బతిమిలాడాడు. గిదేం లొల్లి, పిల్లి కోసం తల్లీబిడ్డలు ఇడిపోతరా అన్నాడు. అవ్వ అప్పటికే గుమ్మం దాటింది. బండిలో చెరుకాకు గుచ్చుకుంటుందని అన్న చేతిలోని సంచి దులిపి పరిచాడు. పిల్లి కోసం తెచ్చిన గోనె మీద మా అవ్వ కూర్చొని పోయింది. నేను ఆపలేదు. ఆపాలంటే పిల్లిని ఇవ్వాలి.

మాఘం

తల్లిని వెళ్లగొట్టి పిల్లిని పెట్టుకున్నదన్నారు. బడిలో టీచర్లు నేను గదిలోకి వస్తే మాట మార్చారు. ఒకామె నా మంచి కోరి, లోకం ఏమనుకుంటుందో చూడాలి కదా అన్నది. లోకం సంచి మూతి కట్టేటప్పుడు ఏమీ అనుకోలేదు, ఇప్పుడెందుకు అనుకుంటుందని అడిగాను. ఆ తరవాత ఎవరూ మంచి కోరలేదు.

మోస్రా నుంచి చెరుకు బండ్లు వస్తూనే ఉన్నాయి. ఒక బండాయన వచ్చి గుమ్మం ముందు నిలబడ్డాడు.

"అవ్వ అడుగుమన్నది. ఇంకున్నదా అని."

"ఉన్నదని చెప్పు."

తరవాతి బండి వచ్చినప్పుడూ అదే ప్రశ్న, అదే జవాబు. మూడోసారి బండాయనకే నవ్వొచ్చింది. "నేను చెరుకు తోలుడు కన్న మీ ముచ్చట తోలుడే ఎక్కువైంది" అన్నాడు.

ఒకసారి మాత్రం ఆ ప్రశ్న రాలేదు. అవ్వకు దమ్ము జోరైందని కబురొచ్చింది. ఆదివారం సుక్కిని ఖాలాకు అప్పగించి మోస్రా పోయాను. దారంతా నాకు భయమే. చిన్నప్పటి నుంచి చెవిలో పడిన మాటలు చదువుతో పోవు. అవ్వకు ఏదన్నా అయితే, అది జబ్బు వల్ల అని నేను తప్ప ఎవరూ అనరు. అది కూడా తెలుసు.

అవ్వ గోడకు ఆనుకొని కూర్చొని ఉంది. మందు వేశాను, వేసుకున్నది. వీపు రాశాను, రాయనిచ్చింది. కొంచెం ఊపిరి తిరిగాక అడిగింది.

"ఇంకున్నదా?"

"ఉన్నది."

"అయితే నేను రాను."

"రాకు. మందు ఆపకు."

సాయంత్రం బస్సుకు తిరిగి వచ్చాను. సుక్కి ఖాలా ఒళ్ళో నిద్రపోతున్నది. కదిలితే లేస్తుందని ఖాలా నమాజుకు కూడా లేవలేదట. అది లేచాక చేసుకుంటాలే అన్నది.

శివరాత్రికి ముందు

సుక్కి తిండి పూర్తిగా మానేసింది. నూరిన కాలేయం మూతికి రాస్తే నాకడం కూడా మానింది. వెనక కాళ్ళు మడతపడి, పిప్పిలోంచి లేవలేకపోయేది. అయినా ఒకసారి ఎలాగో పెట్టె దాటి, నేల మీద ఈడ్చుకుంటూ వడ్ల బస్తాల దాకా పోయింది. అక్కడ కూర్చొని చెవులు నిలబెట్టింది. ఎలుక ఏదీ లేదు. నేను ఎత్తుకోలేదు. దాని పని అది చూసుకోనీ అనుకున్నాను.

పోయింది పొద్దున. బడికి సెలవు పెట్టి ఇంట్లో ఉన్నాను. గుమ్మం దగ్గర ఎండ వచ్చింది. దాన్ని ఒళ్ళో పెట్టుకొని ఎండలో కూర్చున్నాను. చేతి కింద ఊపిరి ఆడుతుండగా కాసేపు, ఆగాక కాసేపు. ఎప్పుడు ఆగిందో సరిగా తెలియలేదు. చూస్తున్న చావు ఇంతే. దీన్ని చూడకుండా ఉండడానికి అన్ని బండ్లు కావలసి వచ్చాయి.

పెరట్లో నేనే తవ్వాను. నేల గట్టిగా ఉంటే ఖాలా గోడ అవతల నుంచి గడ్డపార అందించింది, తన పాత దుపట్టా కూడా ఇచ్చింది. ఉప్పు వేసి పూడ్చాను. ఇంటి ఆవరణలో పూడ్చకూడదని ఎదురింటివాళ్లు చెప్పడానికి వచ్చారు. అప్పటికి మట్టి కప్పేశాను.

తరవాతి బండి వచ్చింది. బండాయన అలవాటుగా గుమ్మం ముందు నిలబడ్డాడు.

"పోయిందని చెప్పు" అన్నాను. "ఇంట్లనే పోయిందని గూడ చెప్పు."

ఉగాదికి ముందు

అవ్వ బండి దిగి మూటతో గుమ్మం బయట నిలబడింది. లోపలికి రాలేదు. మోస్రాలో పంతులును అడిగానన్నది. ఇంట్లో పిల్లి పోతే తలంటుకొని, ఇల్లు శుద్ధి చేసి, దీపం పెట్టి తప్పు ఒప్పుకోవాలట.

"తలస్నానం చేసిన. ఇల్లు అలికిన. తప్పు ఒప్పుకోను. నేను చంపలే అవ్వా, చూసుకున్న."

"గా ఒక్క మాట అంటే నీ సొమ్మేం పోతది?"

"అది చంపినోళ్లు అనాలె. సంచి కట్టినోళ్లు అనాలె. నేనెందుకంటా?"

ఎండ పడుతున్నది. అవ్వ నిలబడే ఉంది. నేను గుమ్మం లోపల నిలబడే ఉన్నాను. బండాయన ఎడ్లకు నీళ్లు పెట్టే నెపంతో మా ఇద్దరినీ చూస్తున్నాడు. రమ్మని ఒక్క మాట అంటే వస్తుందని తెలుసు. ఆ మాట అన్నాను. తప్పు ఒప్పుకోలేదు కాని, "రా అవ్వా, కూర్చో" అన్నాను.

వచ్చింది. ముందుగా పొయ్యి పక్కకు చూసింది. పెట్టె తీసేశాను, ఖాళీ చోటు ఉంది. దానికి కొంచెం దూరంగా కూర్చున్నది. మంచినీళ్లు తాగింది.

"అరిసిందా?" అన్నది చివరికి.

"అరవలే. ఒళ్ళో ఉండె."

అవ్వ తల ఊపింది. కొంగుతో ముఖం తుడుచుకున్నది. అది చెమటో ఏమిటో నేను చూడలేదు.

"మోస్రల మీ అన్న మంచిగనే చూసిండు" అన్నది కొంతసేపటికి. "వదినె మంచిదే. గని దమ్మొస్తే మంచం బయట ఏసిండ్రు, గాలి తగుల్తదని. గాలికో మరి దేనికో." నీళ్ల చెంబు పక్కకు జరిపింది. "గింత మొండితనం నీకు ఎవలిది వచ్చిందో."

"నీదే."

"నాదే అయితుంది." ఖాళీ చోటు కేసి చూస్తూ అన్నది. "రేపు నేను మంచంల వడ్డా గిట్లనే మొండికెయ్యి."

సరేనన్నాను.

ఆమె మంచం పట్టింది నాలుగేళ్ల తరవాత. అన్న బండి కట్టుకొని వచ్చాడు. ఊళ్లో మనుషులుంటారు, బడికి పోయేదానివి ఒక్కదానివి ఎట్ల చూస్తవు అన్నాడు. అద్దె ఇంట్లో ముసలి ప్రాణం పోతే మంచిది కాదని ఇల్లు అద్దెకిచ్చినవాళ్లు చెప్పారు. ఆమెకు అప్పటికి మాట సరిగా రావడం లేదు. నన్నే చూస్తున్నది.

మొండికేశాను.